ముప్పై ఎనిమిదో నంబరు కాలర్లు

పార్సిల్ శనివారం మధ్యాహ్నం వచ్చింది. తెచ్చినతను వీధిలో నిలబడి ఫోన్ చేసి, పెట్టె బరువుగా ఉందనీ, మూడో అంతస్తుకు మోయలేననీ, దిగి రమ్మనీ అన్నాడు. నేను మెట్లు దిగానో దొర్లానో నాకే తెలియదు. ఇరవై ఐదు పుస్తకాల అట్టపెట్టెను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని పైకి వచ్చేసరికి నా నలభై ఆరేళ్ళ మోకాళ్ళు నన్ను నానా తిట్లూ తిట్టాయి. తిట్టుకోనీలే అనుకున్నాను.

టైలరింగ్ చేసే ఇంట్లో సరిగ్గా ఆ క్షణానికి ఒక్క కత్తెర కూడా కనబడలేదు. టేపును పళ్ళతో కొరికాను. లోపల ఇస్త్రీ చేసి పేర్చిన చొక్కాల్లా, ఒకదాని మీద ఒకటి, నా నవల. పైన 'ఏడో లైను' అని పేరు. కింద జి. లక్ష్మీదేవి. ఆ లక్ష్మీదేవిని నేనే. ఒక పుస్తకం తీసి వాసన చూశాను. ఇంకోటి తీసి దాని వాసనా చూశాను, అది వేరేగా ఉంటుందేమోనన్నట్టు. మా అమ్మాయి మౌనిక కాలేజీ నుంచి వచ్చేసరికి మిషను ముందు కూర్చొని నా పుస్తకం నేనే చదువుకొని నవ్వుతున్నాను. పొయ్యి మీద పప్పు మాడిన వాసన దానికి తెలిసింది కానీ నాకు తెలియలేదు.

మాది మడకశిర పక్క పల్లె. పదో తరగతి దాకా తెలుగులో చదివాను. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయి బొమ్మనహళ్ళి వచ్చాను. హోసూరు రోడ్డు వెనక ఒక బట్టల ఫ్యాక్టరీలో, ఏడో లైన్లో, పద్నాలుగేళ్ళు కుట్టాను. ఇప్పుడు ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఒక బ్లౌజుకూ ఇంకో బ్లౌజుకూ మధ్య, మౌనిక పాత నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాల మీద ఈ నవల రాశాను. ఎవరైనా కొలతలకు వస్తే నోటు పుస్తకాన్ని గుడ్డల కింద తోసేసేదాన్ని. ఏదో దొంగసారా కాస్తున్నట్టు ఉండేది నా వాలకం.

నవల ఎలా రాయాలో నాకెవరూ నేర్పలేదు. చొక్కా ఎలా తయారవుతుందో తెలుసు. మా ఫ్యాక్టరీలో మొత్తం చొక్కా కుట్టిన మనిషి ఒక్కరూ లేరు. ఒకామె జేబు కుడుతుంది, ఒకామె చెయ్యి, ఒకామె కాలరు, ఇంకొకామె అన్నిటినీ జోడిస్తుంది. లైను చివరికి వచ్చేసరికి అది చొక్కా. నా నవలలో నీలవేణిని కూడా అలాగే తయారుచేశాను. మా లైను జెస్సీ జీవితంలోంచి ఒక ముక్క, మునిలక్ష్మి జీవితంలోంచి ఒక ముక్క, ఇంకో నలుగురివి తలా ఒకటి. అందరినీ అడిగే తీసుకున్నాను.

పుస్తకం వేసిన హైదరాబాదు ఆయన ఫోన్లో అడిగాడు, ఇందులో మీ స్వానుభవం ఎంతమ్మా అని. పాఠకులు ముందు అదే అడుగుతారు, ముందుమాటలో రెండు మాటలు రాయండి అన్నాడు. నేను రాసి పంపాను: 'ఈ నవలలో నాదంటూ ఒక్క ముక్క కూడా లేదు. అన్నీ మా లైను ఆడవాళ్ళవే. నేను జోడించానంతే.' ఎంత వినయమమ్మా మీకు అని ఆయన పొంగిపోయాడు. వినయమూ కాదు, మన్నూ కాదు. అబద్ధం. ఒక ముక్క నాది ఉంది. పదకొండో అధ్యాయం, పేరు 'కాలరు'.

జరిగింది ఇది. పంతొమ్మిదేళ్ళ కిందట నా మిషను నంబరు ముప్పై ఏడు. పక్కన ముప్పై ఎనిమిది, చౌడమ్మది. ఇద్దరమూ కాలర్లే కుట్టేవాళ్ళం. కాలరు కుట్టేవాళ్ళకు లైన్లో కొంచెం గీర ఎక్కువ, చొక్కాకు మొహం అదే కదా. అరవై కాలర్లు ఒక కట్ట. కట్ట అయ్యాక దాని చీటీ మీద కుట్టినవాళ్ళు తమ నంబరు రాసి ముందుకు తోయాలి. తప్పు ఉంటే చెకింగ్ వాళ్ళు ఆ చోట ఎర్ర స్టిక్కరు అంటించి, చీటీలో నంబరు చూసి మనిషిని పట్టుకుంటారు. బాగు చేయగలిగితే ఆల్టర్. అంటే కుట్టినవాళ్ళ దగ్గరికే వెనక్కి వస్తుంది, విప్పి మళ్ళీ కుట్టి చెకింగ్ టేబులుకు వాళ్ళే మోసుకుపోవాలి. బాగు కాకపోతే రిజెక్ట్.

ఆ రోజు నాకు ఐదో నెల. కడుపులో మౌనిక. సంగతి తెలిస్తే సూపర్‌వైజరు ఏదో ఒక వంక పెట్టి ఇంటికి పంపేస్తాడని దాచి తిరిగేదాన్ని. కళ్ళు తిరిగేవి. మధ్యాహ్నం ఒక కట్ట పూర్తి చేసి, అంచులు కత్తిరించేసి చూసుకుంటే, అరవైకి అరవై కాలర్లూ బట్ట ఉల్టా వైపు పైకి వచ్చి ఉన్నాయి. అంచులు కత్తిరించాక విప్పి కుట్టడానికి బట్ట మిగలదు. సాయంత్రానికి ఆ సరుకు లారీ ఎక్కాలి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడే చౌడమ్మ నీళ్ళు తాగడానికి లేచింది. నేను చీటీ మీద 38 అని రాసి కట్టను ముందుకు తోశాను. రెండు అంకెలు రాయడానికి ఎంతసేపు పడుతుంది.

గంట తర్వాత సూపర్‌వైజరు ఆ కట్ట తెచ్చి చౌడమ్మ మొహాన కొట్టాడు. లైను మొత్తం మిషన్లు ఆగిపోయాయి. ఆమె కాలర్లు చూసింది, చీటీ చూసింది, నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. మర్నాటి నుంచి రాలేదు. 'ఉల్టా కాలరు' అనే పేరు మాత్రం లైన్లో ఉండిపోయింది. ఎవరు ఏం తప్పు చేసినా, ఇదిగో ఇంకో ఉల్టా కాలరు అని నవ్వేవాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

ఇదంతా నవలలో రాశాను. చేసింది నీలవేణి. పక్క మిషను ఆమె పేరు సరోజ అని పెట్టాను. చాలా ఏళ్ళ తర్వాత నీలవేణి బస్సులో సరోజను కలుస్తుంది, నిజం చెప్పేసి ఏడుస్తుంది, సరోజ నవ్వి చెయ్యి పట్టుకొని "పోనీలే" అంటుంది. ఆ పేరా రాసిన రోజు నేను కంటినిండా నిద్రపోయాను.

ఆదివారం పొద్దున పదికల్లా మా లైను ఆడవాళ్ళు వచ్చేశారు. మాటలన్నీ తెలుగే అయినా వీళ్ళంతా ఆనేకల్లు, అత్తిబెలె పక్క పుట్టి కన్నడ బడిలో చదువుకున్నవాళ్ళు. తెలుగు అక్షరాలు కూడబలుక్కోగలరు, పేజీలకు పేజీలు చదివే ఓపిక ఎవరికీ లేదు. అందుకని నేనే చదివి వినిపిస్తానన్నాను. అందులో ఒక వెసులుబాటు కూడా చూసుకున్నాను. పది అయ్యాక పన్నెండు చదివితే అడిగేవాళ్ళెవరు?

చాప మీద ముగ్గురు, మంచం మీద ఇద్దరు. ఎవరి ఒళ్ళో వాళ్ళకొక పుస్తకం. మునిలక్ష్మి మాత్రం పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకోక, నా కొలతల అద్దం ముందు నిలబడి, గుండెలకు ఆనించుకొని అటూ ఇటూ తిరిగి చూసుకుంది. ఆ నిలువుటద్దం అంచు నిండా నేను తీసి అంటించిన స్టిక్కరు బొట్లే. ఇల్లు శుభ్రం చేసిన ప్రతిసారీ మౌనిక వాటిని చూసి మొహం మాడ్చుకుంటుంది. మునిలక్ష్మి అందులోంచి ఒకటి పీకి నుదుటికి పెట్టుకొని, ఇక మొదలుపెట్టమంది.

మొదటి అధ్యాయం సగంలోనే ఒక ఆట తయారైంది. ఒక సంగతి చదవగానే మునిలక్ష్మి "ఇది ఎవురి ముక్క?" అని అడుగుతుంది. దాని సొంతదారు చెయ్యి ఎత్తాలి. ఎత్తగానే అందరూ చప్పట్లు. మధ్యాహ్నం షిఫ్టులో బట్టముక్కల గుట్టలో దూరి నిద్రపోయే నీలవేణి వచ్చినప్పుడు మునిలక్ష్మే రెండు చేతులూ ఎత్తింది. ఎత్తి నా మీద విరుచుకుపడింది. పది నిముషాలు నిద్రపోయినట్టు రాశానట, తను పోయింది ముప్పావుగంటట, రాసేదేదో సరిగ్గా రాయొద్దా అని. కడుపు పట్టుకొని నవ్వాం. మౌనిక ఇదంతా ఫోన్లో రికార్డు చేస్తూ మూల కూర్చుంది.

"అంతా మావే రాసినావు," అంది మునిలక్ష్మి. "నీది యాడుండాది దీంట్లో?"

నాది లేదని చెప్పాను. కావాలంటే ముందుమాటలో కూడా అదే రాశానని చూపించాను. వాళ్ళు నమ్మారు. అంత తేలిగ్గా నమ్మేసరికి నాకు ఇంకా హుషారొచ్చింది.

జెస్సీ ఇంకా రాలేదు. ఆమెది రెండో అధ్యాయం. దేశం కాని దేశం పోయే చొక్కా జేబులో తన పేరు రాసిన చీటీ ఒకటి పెట్టి కుట్టేసిన మనిషి. ఆమె లేకుండా అది చదవకూడదని దాటేసి, తొమ్మిదో అధ్యాయం దాకా వచ్చాం. అప్పుడు మెట్ల మీద జెస్సీ గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతూ ఎక్కుతోంది. తలుపు దగ్గరికి వచ్చి, పక్కకు జరిగి, ఎవురొచ్చిండారో చూడండి అంది.

చౌడమ్మ. జుట్టు నెరిసింది, కొంచెం లావైంది, అంతే. చేతిలో సీతాఫలాల సంచి.

జెస్సీయే గడగడా చెప్పుకుపోయింది. చందాపురలో చీరకు ఫాలు వేయించడానికి ఒక షాపు ఎక్కిందట, చూస్తే మిషను మీద ఈమె ఉందట. లక్ష్మి పుస్తకం రాసింది, ఆదివారం చదువుతుంది, నువ్వు రాకపోతే ఎట్లా అని పట్టుకొచ్చేసింది. పాపం, మంచి చేశాననే అనుకుంటోంది.

"ఏమే ఉల్టా కాలరూ, సచ్చినావో బతికినావో అనుకుంటే," అంది మునిలక్ష్మి. అందరూ గొల్లున నవ్వారు. చౌడమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ఎన్నో ఏళ్ళ నుంచి వాడి వాడి అరిగినట్టుంది.

నా పక్కకే వచ్చి కూర్చుంది. పంతొమ్మిదేళ్ళ కిందట కూర్చున్న వైపే. "బాగుండావా లక్ష్మీ?" అని నా మోకాలి మీద చెయ్యి వేసింది. నేను బాగున్నానని చెప్పి, షాపు ఎలా నడుస్తోందని అడిగాను. ఫాలు, పీకో, లంగాలు, బ్లౌజులు అంది. చొక్కాలు కుట్టవా అక్కా అన్నాను, మాట తోచక. కుట్టనని చెప్పి, ఒళ్ళోకి ఒక పుస్తకం తీసుకుంది.

"నాకి తెలుగు అక్షరాలు నేర్పించిండేది ఈయమ్మే," అంది అందరితో. "టేబులు మీద సుద్దముక్కతో. జ్ఞాపకముండాదా?"

జ్ఞాపకం లేదు. అంతవరకూ లేదు. ఒక్కసారిగా అంతా వచ్చి మీద పడింది. భోజనం గంటలో, బట్ట మీద గీతలు గీసే సుద్దముక్కతో, నేను అ ఆలు దిద్దడం, ఆమె వాటి పక్కన కన్నడ అక్షరం రాసుకొని, ఓస్, రెండూ ఒకటే కదా అని నవ్వడం. వేలు కింద పెట్టి పెదవులు కదుపుతూ ఎంత నెమ్మదిగానైనా సరే చివరిదాకా చదివే మనిషి. ఆ వేలే ఇప్పుడు నా పుస్తకం మీద ఉంది.

జెస్సీ కోసం రెండో అధ్యాయం చదివాను. జేబులో చీటీ వచ్చేసరికి జెస్సీ లేచి నిలబడి చెయ్యి ఎత్తింది. ఆ చొక్కా ఎవరు కొనుక్కున్నారో, చీటీ చదివి ఏమనుకున్నారో అని అందరూ తలొక మాట అన్నారు. నేను ఒక కన్ను పేజీ మీద, ఒక కన్ను ఆ వేలి మీద పెట్టి చదువుతున్నాను. చౌడమ్మ ముందు విషయసూచిక తిరగేసింది. అధ్యాయాల పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుంటోంది. వేలు కిందికి దిగుతోంది. ఒక చోట ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

నేను గొంతు పెంచాను. తొమ్మిదిలో మిగిలింది ముగించి పదో అధ్యాయంలో పడ్డాను. అది బోనసు రోజు లైను మొత్తం కలిసి సినిమాకు పోయిన సంగతి. బాగా నవ్వొచ్చేది. నవ్వుతూ నవ్వుతూ రెండేసి వాక్యాలు మింగేస్తూ లాగించాను. పది అయిపోయింది. నీళ్ళు తాగాను. రెండు మూడు కాగితాలు కలిపి తిప్పి, పన్నెండు అన్నాను.

"పది అయినాక పన్నెండా?"

చౌడమ్మ తల ఎత్తకుండానే అడిగింది. పదకొండు అంత బాగా రాలేదక్కా, మధ్యలో విసుగు పుట్టిస్తుంది, తర్వాత చూద్దాం అన్నాను. నా మాట నాకే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు మాటలా వినబడింది.

"బాగా రాకపోతే పోనీ, చదువు," అంది. "కాలరు అని ఉండాది. కాలర్లు కుట్టినోళ్ళం మనమిద్దరమే కదా."

అప్పుడు నేను చేయగలిగింది ఇంకా ఉంది. పదకొండు తీసి, అందులో లేనిది చదవొచ్చు. నోటికొచ్చింది అల్లి చెప్పొచ్చు. నవల రాసిన మనిషిని, రెండు పేజీలు అల్లలేనా? ఆమె వేలు ఇంకా అధ్యాయం పేరు మీదే ఉంది, కింది గీతలకు చేరడానికి చాలాసేపు పడుతుంది. ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను. గోటి మీద సూది దిగిన పాత మచ్చ. మా అందరికీ ఉంటుంది అలాంటిది ఒకటి.

పేజీ వెనక్కి తిప్పి, పదకొండు, కాలరు అన్నాను. చదవడం మొదలుపెట్టాను.

మొదట మెల్లగా చదివాను. నీలవేణికి ఐదో నెలలో కళ్ళు తిరగడం చదివాను. అరవై కాలర్లు చదివాను. పక్క మిషను సరోజ నీళ్ళకు లేవడం, నీలవేణి పెన్ను తీయడం, నంబరు రాయడం చదివాను. అక్కడికి వచ్చేసరికి ఏదో పట్టుకున్న తాడు వదిలేసినట్టయి వేగం వచ్చేసింది. కట్ట మొహాన కొట్టడం, ఉల్టా కాలరు అనే పేరు, అందరితో పాటు నీలవేణి నవ్వడం, ఒక్క మాట కూడా మింగకుండా చదివాను. వీధిలో పూలబండివాడి కేక వినబడుతోంది.

మునిలక్ష్మి అలవాటుగా అడిగేసింది. "ఇది ఎవురి ముక్క?" అడిగాక తనకే అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను చెయ్యి ఎత్తాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చెయ్యి అలాగే పైన పెట్టుకొని చౌడమ్మ వైపు తిరిగాను.

"ముప్పై ఎనిమిది నువ్వు రాసినావా?" అంది.

"నేనే రాసినానక్కా."

"అయితే నేను కుట్లేదు."

"నువ్వు కుట్లేదు. అరవై నేను కుట్టిండేవే."

ఆమె లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనే కూర్చున్నాను. ఆమె నన్ను చూడటం లేదు. చాప మీది వాళ్ళనూ మంచం మీది వాళ్ళనూ ఒక్కొక్కరినే చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"విన్నారా? నేను కుట్లేదంట," అంది. "ఆ పొద్దు నాకి జరం. మాత్ర మింగి కూచున్యా. చీటీ మీద నా నంబరు చూస్తే, జరంలో నేనే కుట్టిండానేమో అనుకున్యా. పంతొమ్మిదేండ్లు అట్లే అనుకుంటా ఉండా. ఎవురన్నా చొక్కా తెస్తే చెయ్యి వణుకుతుంది, వాపసు పంపించేస్తా. నా మొగుడు ఇంట్లో ఏ గిన్నె కింద పడినా, ఉల్టా కాలరు చెయ్యి అంటాడు."

నాకు తెలియనిది అదే. ఆమె సూపర్‌వైజరును తిట్టుకొని ఉంటుందనీ, ఎవరినో అనుమానించి ఉంటుందనీ, నన్నే అనుమానించిందేమోననీ ఇన్నేళ్ళూ అనుకున్నాను. తనను తానే అనుమానించుకొని బతికిందని నాకు తోచలేదు. నవలలో సరోజకు అది రాయలేదు. నేను రాయగలిగేది కూడా కాదు, ఎందుకంటే అది నా ముక్క కాదు.

చౌడమ్మ మౌనిక దగ్గరికి పోయి ఫోన్లో ఇదంతా పడిందా పాపా అని అడిగింది. పడిందని మౌనిక తల ఊపింది. దాని కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆ ఐదో నెల కడుపు తనేనని దానికి తెలిసిపోయింది. చౌడమ్మ నా దగ్గరికి వచ్చి, ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. గట్టిగా చెప్పమంది. మా కింది అంతస్తు వాళ్ళకు కూడా వినబడేలా, కాలర్లు చౌడమ్మ కుట్లేదు, లక్ష్మీదేవి కుట్టింది అని చెప్పాను. చెప్తుంటే సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. కానీ చావలేదు సరికదా, ఒళ్ళంతా వేడెక్కి, మళ్ళీ మళ్ళీ చెప్పాలనిపించింది.

రేపే షాపు బోర్డు మీద చొక్కాలు అని రాయిస్తానని చౌడమ్మ జెస్సీతో అంటోంది. కాలరు పట్టీలు చందాపురలో ఏ షాపులో దొరుకుతాయని అడుగుతోంది. అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ గోలలో మునిలక్ష్మి వంటింట్లోకి పోయి లోటాలో కాఫీ తెచ్చింది.

"తీసుకో చౌడక్కా," అంది. తల దించుకునే అంది. ఉల్టా అనలేదు.

కాఫీ తాగి లోటా కింద పెట్టి, చౌడమ్మ మళ్ళీ నా పక్కన కూర్చుంది. ఇంకా ఒక పేరా మిగిలుంది కదా, ముగించమంది.

బస్సు పేరా. దాన్ని చదవడం నాకు పై పేజీలన్నిటికన్నా కష్టమైంది. నీలవేణి ఏడవడం, సరోజ నవ్వడం, చెయ్యి పట్టుకోవడం. "పోనీలే" అనే మాట దగ్గర నా గొంతు నాకే బొత్తిగా అతకలేదు.

"ఈ బస్సు ఏ పొద్దు ఎక్కినాము మనము?" అంది చౌడమ్మ.

"ఎక్కలేదక్కా."

"నేను పోనీలే అన్యానా?"

"అనలేదు. నేనే రాసుకున్యా."

ఆమె లేచి అద్దం దగ్గరికి పోయింది. దాని అంచున అంటించిన బొట్లను ఒక్కొక్కటే చూసి, అన్నిటిలోకీ ఎర్రనిది ఒకటి గోటితో లేపింది. వచ్చి, నా చేతిలో తెరిచి ఉన్న పుస్తకంలో, సరిగ్గా "పోనీలే" అనే మాట మీద దాన్ని అంటించి, బొటనవేలితో గట్టిగా అదిమింది. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది.

"ఆల్టర్," అంది.

ఆ గదిలో ఎవరికీ దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. జెస్సీ నా చెవిలో, రిజెక్ట్ అనలేదు చూసినావా అంది. చూశాను. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఏది ముందు రానివ్వాలో తెలియక ఎక్కిళ్ళు పెట్టాను. చౌడమ్మ సీతాఫలాల సంచి విప్పి అందరికీ పంచింది. నాకూ ఒకటి ఇచ్చింది.

వాళ్ళు తలొక పుస్తకం తీసుకొని సాయంత్రం వెళ్ళిపోయారు. చౌడమ్మ కూడా ఒకటి తీసుకుంది, స్టిక్కరు లేనిది. మిగిలిన వాటిలో ముందుమాట తీసి, 'నాదంటూ ఒక్క ముక్క కూడా లేదు' అనే వాక్యాన్ని నేను కొట్టేస్తుంటే మౌనిక పక్కన కూర్చొని పుస్తకాలు అందించింది. చివరి పుస్తకం అందిస్తూ, చందాపురకు తను కూడా రానా అని అడిగింది. నేను వెళ్తున్నానని దానికి చెప్పనేలేదు. వద్దన్నాను. ఆల్టర్ పీసును కుట్టినవాళ్ళే మోసుకుపోవాలి.

సోమవారం పొద్దున కుట్టాల్సిన మూడు బ్లౌజులు పక్కన పడేసి చందాపుర బస్సెక్కాను. చేతులు చల్లగా ఉన్నాయి, గుండె మాత్రం పార్సిల్ వచ్చిన రోజులాగే ఎగిరెగిరి పడుతోంది. పుస్తకం సంచిలో ఉంది. ఎర్ర స్టిక్కరు అలాగే ఉంది. దాని చోట ఏం రావాలో నాకింకా తెలియదు, చౌడక్కను అడగాలి.